ఒంటిగంట చందమామ

సైరన్ మోగగానే మా ఊరి కుక్కలు తోకలు ముడిచి చర్చి వెనక్కి పరిగెత్తేవి. కోళ్ళు మంచాల కిందికి దూరేవి. అంగన్‌వాడీ పిల్లలు మాత్రం కేరింతలు కొడుతూ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. కుక్కలకీ కోళ్ళకీ ఉన్న భయం ఆ పిల్లలకి లేకుండా పోయింది. తీసేసింది నేనే. చంద్రయాన్ దిగిన ఏడాది వానాకాలంలో, రెండు మూడు నెలల్లో జరిగిపోయిందంతా.

మా ఊరు జగ్గయ్యపేట నుంచి ఆటోలో అరగంట. ఊరి వెనక సున్నపురాయి క్వారీ ఒకటి చాలా ఏళ్ళు మూతపడి ఉండేది. ఆ జూలైలో ఎవరో కొత్తవాళ్ళు దాన్ని తీసుకుని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి పొడుగ్గా ఒక సైరన్ మోగుతుంది. పది నిమిషాలాగి పొట్టిగా రెండుసార్లు మోగుతుంది. ఆ వెంటనే రాతిలో మందు కూరిన తూటాలు పేలతాయి. నేల కింద ఏదో పెద్ద జంతువు పక్కకి ఒత్తిగిలినట్టు అంగన్‌వాడీ గచ్చు కదులుతుంది. పప్పు గిన్నె మీద మూత గలగలమంటుంది. మొదటి వారానికే గోడలో వెంట్రుకంత బీట పడింది. రెండో వారానికి అందులో చీపురుపుల్ల పట్టింది.

నేను ఆ అంగన్‌వాడీలో ముప్పై రెండేళ్ళు ఆయాగా చేసి దిగిపోయాను. నా చోట్లో ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. రోజారమణి టీచర్ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చి పదకొండుమంది పిల్లలతో ఒక్కతే అవస్థ పడుతుంటే చూడలేక రోజూ వెళ్ళేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం నా మనవరాలు జాయిస్. దానికి అప్పుడు నాలుగున్నరేళ్ళు. వాళ్ళమ్మ ఫ్లోరెన్స్ నందిగామలో ఒక ఆసుపత్రిలో నర్సు, అల్లుడు శాంతికుమార్ అక్కడే స్కూల్ బస్సు నడుపుతాడు. ఇద్దరికీ వేళాపాళా లేని డ్యూటీలు. బళ్ళో వేసేదాకా పిల్లని నా దగ్గర ఉంచారు.

ఎవరైనా గడప దాటితే వాళ్ళ వీపు కనిపించినంతసేపు చూస్తూ నిలబడటం నాకు అలవాటు. మా ఆయన ఆశీర్వాదం పరిటాల దగ్గర లారీ కింద పడిన రోజు పొయ్యి దగ్గర ఉండి చూడలేదు. చూసి ఉంటే లారీ ఆగేదా అంటే ఆగేది కాదు. కానీ అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. జాయిస్ దొడ్లోకి వెళ్ళినా చూసేదాన్ని.

తూటాలు మొదలైన నాలుగో రోజు నుంచి ఆ పిల్ల తిండి మానేసింది. ముద్ద నోట్లో పెడితే పెట్టినట్టే ఉండిపోయేది, మింగేది కాదు. ఒంటిగంట పేలుడు కోసం పొద్దున పదింటి నుంచే చెవులు మూసుకుని మూల కూర్చునేది. మిగతా పిల్లలూ ఏడ్చేవాళ్ళు, చాపలు తడిపేవాళ్ళు, కానీ పేలుడు అయిపోగానే మర్చిపోయి ఆడుకునేవాళ్ళు. జాయిస్ మర్చిపోయేది కాదు. రెండు వారాల్లో బుగ్గలు లోపలికి పోయాయి.

ఆదివారం ఫ్లోరెన్స్ వచ్చి పిల్లని ఎత్తుకుని, బరువు చూస్తున్నట్టు రెండుసార్లు పైకీ కిందికీ ఊపింది. నా మొహం చూడకుండా అంది:

“జూన్‌లో బళ్ళో వేసేదాకా ఆగుదామనుకున్నాం. ఇట్లా అయితే ఆగలేనమ్మా. మా ఆడపడుచు చూసుకుంటానంటోంది. వచ్చే నెల తీసుకెళ్ళిపోతా.”

“అలవాటవుతుందిలేవే.”

“బాంబులకి అలవాటేంటమ్మా?”

ఆ సాయంత్రం బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి ఫ్లోరెన్స్‌ని సాగనంపాను. ఇంట్లోకి వచ్చి జాయిస్ పక్కన కూర్చున్నాను. వచ్చే నెల అంది. నెలంటే నాలుగు ఆదివారాలు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. పిల్లలకి చార్టులో అక్షరాలు చూపించే టీచర్ల వెనక నిలబడి, గిన్నెలు తోముతూ నేర్చుకున్నాను. ఆ నేర్చుకోవడంలో ఒక పిచ్చి పట్టుకుంది. కంటపడ్డ కాగితమల్లా చదవాలి. ఆ వారం గుడ్ల అట్టల కింద పరిచిన పేపరు తీసి చదివితే చంద్రయాన్ గురించి పిల్లల కోసం రాసింది ఉంది. చంద్రుడి మీద గాలి లేదట. గాలి లేదు కాబట్టి చప్పుడూ ఉండదట. పక్కనే ఉన్నవాళ్ళు పిలిచినా వినపడదట. ఒళ్ళు తేలికైపోయి అడుగు నెమ్మదిగా పడుతుందట. అంతా తెల్లటి దుమ్ము, గుంటలు. అక్కడ పాదం పడితే చెరిపే గాలి లేక ఎన్ని లక్షల ఏళ్ళయినా అలాగే ఉంటుందట. ఆ చివరి మాట నేను నాలుగుసార్లు చదువుకున్నాను.

మర్నాడు ఒక పెద్ద మట్టి మూకుడికి సున్నం పూసి అంగన్‌వాడీ గోడకి తగిలించాను. దాని మీద బొగ్గుతో కుందేలు గీశాను. ముగ్గుపిండి గచ్చంతా పరిచాను. పన్నెండున్నరకి అన్నాలు వడ్డించి, అన్నం తిన్నవాళ్ళకే రాకెట్టులో సీటు అని చెప్పాను. ఒంటిగంటకి సైరన్ మోగింది. పిల్లలు బిగుసుకుపోయారు.

“అదిగో, రాకెట్టు స్టార్టయింది. ఎక్కండి ఎక్కండి,” అంటూ బియ్యం గోతాలు పరిచాను. ఒక్కొక్కళ్ళనీ నడుముదాకా గోతంలో దించాను. జాయిస్ చెవుల మీద చేతులు తియ్యలేదు. దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని నేనూ ఒక గోతంలో కూర్చున్నాను. అరవై ఆరేళ్ళ ముసలిది గోతంలో కూర్చుంటే పిల్లలకి నవ్వొచ్చింది. రెండో సైరన్ దాకా చందమామ కబుర్లు చెప్పాను. అది మోగగానే పది నుంచి వెనక్కి లెక్కపెట్టించాను. మూడు అనేసరికి నేల కదిలింది. అందరం ఒక్కసారి పైకెగిరాం.

తర్వాత ముగ్గుపిండిలోకి దిగాం. చందమామ మీద దిగాం కాబట్టి గాలి లేదు, బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాలి. ఆగలేనివాళ్ళు అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని డబ్బాలో గాలి పీల్చుకోవచ్చు. అడుగు నెమ్మదిగా వెయ్యాలి. ఎవరు పిలిచినా వినపడదు కాబట్టి పలకకూడదు, తిరిగి చూడకూడదు. పలికినవాళ్ళు భూమ్మీద పడిపోయినట్టే. రోజారమణి టీచర్ గుమ్మంలో నిలబడి వాళ్ళని పేరుపేరునా పిలుస్తుంటే, జాయిస్ తప్ప పదిమందీ బుగ్గలు పూరించుకుని, నవ్వు ఆపుకుంటూ, తెల్లటి పిండిలో అడుగులో అడుగు వేస్తున్నారు.

జాయిస్ నా ఒళ్ళోంచి దిగింది. ఒక పాదం పిండిలో పెట్టి తీసి ఆ గుర్తు చూసుకుంది. రెండోది పెట్టింది.

నాలుగు రోజుల్లో అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. ఆగస్టు నెలాఖరుకి బుగ్గలు నిండాయి. టీచర్ ఈ ఆట సంగతి పేటలో మీటింగులో చెబితే అందరూ మెచ్చుకున్నారట. చంద్రయాన్ దిగిన సాయంత్రం టీచర్ ఆఖరి బస్సు దాకా ఉండిపోయి తన ఫోన్లో పిల్లలకి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎడ్విన్ అని ఐదేళ్ళవాడు మాత్రం కొట్టలేదు.

“వాళ్ళకి సైరన్ మోగలేదేం ఆయమ్మా?” అన్నాడు.

టీచర్ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. వాడే మళ్ళీ మన రాకెట్టు ఎక్కడ దిగుతుందని అడిగాడు. కిటికీలోంచి క్వారీ వైపు చెయ్యి చూపించి అక్కడేరా అన్నాను.

అన్నాక ఊరుకున్నానా, లేదు. సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున క్వారీలో డ్రిల్లింగ్ మిషను పాడై పని ఆగింది. తొమ్మిదింటప్పుడు పడమటి ఆకాశంలో సగం కరిగిన చందమామ ఇంకా ఉంది. పగటి చందమామని పిల్లలు ఎప్పుడూ చూడలేదు. అందర్నీ ఒకరి చొక్కా ఒకరు పట్టుకోమని, అంగన్‌వాడీ వెనక సర్కారు తుమ్మల్లోంచి మేకలు పోయే దారిలో క్వారీ గట్టు మీదికి తీసుకెళ్ళాను. కింద తెల్లటి గుంటలు, మెట్లు మెట్లుగా. గడ్డిపోచ లేదు. పిట్ట లేదు. పైన ఆ పాలిపోయిన చందమామ. పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఊపిరి బిగబట్టారు.

కాపలా ఉండే ఖాదర్ వలి ఎర్రజెండా చంకలో పెట్టుకుని వచ్చాడు. తూటాలు పేల్చే ముందు దారికి అడ్డంగా నిలబడి మనుషుల్నీ మేకల్నీ ఆపడం అతని పని. అతని మనవరాలు నిషాత్ కూడా మా పిల్లల్లో ఉంది.

“ఇక్కడికెందుకు తెచ్చావక్కా?” అన్నాడు.

“పనాగింది కదయ్యా. చూపించి తీసుకెళ్తా.”

అతను నిషాత్‌ని గట్టు మీది నుంచి రెండడుగులు వెనక్కి లాగి నిలబెట్టాడు.

వారం తర్వాత అతనే అంగన్‌వాడీకి వచ్చాడు. లోపలికి రాకుండా వేపపుల్ల నములుతూ గుమ్మం బయట నిలబడి, మెల్లగా చెప్పాడు. నిషాత్ ఇంట్లో సైరన్ వింటే గోతం వెతుక్కుంటోందట. నిన్న ఇద్దరు పిల్లలు తుమ్మల దాకా వచ్చి తన ఎర్రజెండా చూసి టాటా చెప్పారట. ఇంటికి పొమ్మని అరిస్తే చెవుల వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపారట.

“ఏం నేర్పుతున్నావక్కా వీళ్ళకి?”

“భయపడకుండా ఉండటం,” అన్నా.

“దేనికి?” అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. కానీ అంతకు రెండు రోజుల ముందే ఫ్లోరెన్స్ వచ్చి పిల్లని ఎత్తుకుని నవ్వింది. సరేలే, జూన్ దాకా ఉండనీ అంది. ఆట మానేస్తే జాయిస్ మళ్ళీ మూల కూర్చుంటుంది. మూల కూర్చుంటే నందిగామ వెళ్ళిపోతుంది. అందుకని ఖాదర్‌తో వెనక తలుపు గొళ్ళెం పెడతాలే అన్నాను. గొళ్ళెం పెట్టాను కూడా. అది చిన్నపిల్లలకి అందనంత ఎత్తులో ఏమీ లేదు.

ఆ మంగళవారం టీచర్ పేటకి రిపోర్టులు ఇవ్వడానికి వెళ్ళింది. అన్నాలయ్యాయి. గోతాలు పరిచి, పిల్లల్ని కూర్చోమని, నేను ముందువైపు పంపు దగ్గర కంచాలు కడుగుతున్నాను. సైరన్ మోగింది. కంచాలు బుట్టలో పెట్టి చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి ఎనిమిదిమంది ఉన్నారు.

“జాయిస్ ఏదే?” అన్నాను.

గోతంలో ఉన్న పిల్ల ఒకతి బుగ్గలు పూరించుకుని వెనక తలుపు వైపు వేలు చూపించింది. ఊపిరి వదిలి పలికితే భూమ్మీద పడిపోతుంది మరి.

గొళ్ళెం తీసి ఉంది. కింద స్టూలు. జాయిస్ లేదు, ఎడ్విన్ లేడు, నిషాత్ లేదు.

పది నిమిషాలు. అందులో ఎన్ని పోయాయో తెలియదు. నా మోకాళ్ళు చర్చికి నడవడానికే మొరాయిస్తాయి. ఆ తుమ్మల్లో ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. చీర ముళ్ళకి పట్టుకుంటే లాక్కున్నాను, చిరిగిన చప్పుడు గుర్తుంది. గట్టెక్కి చూస్తే ముగ్గురూ కింద మొదటి మెట్టు మీద ఉన్నారు. ఎడ్విన్ ముందు, నిషాత్ మధ్యన, జాయిస్ వెనక. చేతులు రెండు వైపులా చాపి, ఒక కాలు ఎత్తి, కాసేపు గాలిలో ఉంచి, మెల్లగా దించుతున్నారు. చుట్టూ రాతిలో వరసగా కొట్టిన బెజ్జాలు, వాటిలోంచి తీగలు. ఖాదర్ వలి అవతల రోడ్డు వైపు ఉన్నాడు. ఈ మేకల దారి అతనికి కనపడదు.

పిలిచాను. జాయిస్ అని, బంగారం అని, అమ్మా అని పిలిచాను. నా గొంతు ఆ గుంటలో తిరిగి నాకే వచ్చింది. ముగ్గురిలో ఒక్కరూ తల తిప్పలేదు. వినపడలేదని కాదు. జాయిస్ భుజాలు కదిలాయి. అది నవ్వు ఆపుకుంటోంది.

జారుకుంటూ దిగాను. ఎడ్విన్ చెయ్యి పట్టుకుని లాగితే వాడు వచ్చాడు, కానీ చందమామ మీద నడిచినట్టే వచ్చాడు. ఒక్కో అడుగు, ఎత్తి, ఆపి, దించి. ముగ్గుర్నీ ఎత్తుకోలేను. పరిగెత్తండర్రా అని ముగ్గురి మొహాల్లోకీ అరిచాను. బుగ్గలు పూరించిన మూడు మొహాలు నన్ను ప్రేమగా చూస్తున్నాయి. ఆయమ్మ కూడా ఆటలోకి వచ్చిందనుకున్నారు. జాయిస్ తన అరచేయి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. అమ్మమ్మకి గాలి అందట్లేదని డబ్బాలో గాలి ఇస్తోంది.

దాని చెంప మీద కొట్టాను.

ముప్పై రెండేళ్ళలో ఏ బిడ్డ మీదా చెయ్యి ఎత్తనిదాన్ని. అది ఊపిరి వదిలేసింది. నోరు తెరిచింది, ఏడుపు రాలేదు. మళ్ళీ చెయ్యి ఎత్తాను. ఈసారి ముగ్గురూ నా చెయ్యి చూసి పరిగెత్తారు. గట్టు మీదికి పాక్కుంటూ, జారుతూ, నా నుంచి పారిపోయారు. వాళ్ళ వెనక నేను చెయ్యి దించకుండా తరిమాను.

తుమ్మల్లోకి వచ్చాక రెండు పొట్టి సైరన్లు వినపడ్డాయి. ముగ్గుర్నీ కింద పడేసి మీద పడుకున్నాను. నేల నా పొట్టకి తగిలింది. ఆ తర్వాత పైనుంచి ఆకులు చిరుగుతూ ఏవో పడ్డాయి. పక్క పత్తిచేలో కొబ్బరికాయంత రాయి రెండు సాళ్ళ అవతల దిగి, మొక్కని నేలలోకి తొక్కేసింది.

దుమ్ము సర్దుకున్నాక జాయిస్ నా కింద నుంచి బయటికి వచ్చింది. రాయి వంక చూడలేదు. చెంప పట్టుకుని నన్ను చూసింది.

“ఎందుకు కొట్టావు అమ్మమ్మా? చందమామ మీద కొట్టకూడదు.”

ఖాదర్ వలి ఆ సాయంత్రం వచ్చాడు. నిషాత్ నోటి నుంచే అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. పత్తిచేలోని రాయి మోసుకొచ్చి మా అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.  క్వారీవాళ్ళతో మాట్లాడాడట, మేకల దారికి కంచె వేస్తామన్నారట. వేస్తారో లేదో తెలియదన్నాడు.

“కంచెతో ఆగే పిల్లలు కాదక్కా వీళ్ళు. నా మనవరాలు ఇంటికొచ్చి మళ్ళీ రేపెళ్తానంటోంది. భయం తీసింది నువ్వే కదా. మళ్ళీ నువ్వే పెట్టు.”

టీచర్ మర్నాడే ఆట మాన్పించింది. గోతాలు తీసి స్టోర్లో పడేసింది. అయినా ఒంటిగంటకి సైరన్ మోగగానే పదకొండుమందీ గుమ్మంలోకి పోయి నిలబడ్డారు. గోతాలు లేకపోతే గౌన్లూ చొక్కాలూ పైకెత్తి పట్టుకున్నారు. పది, తొమ్మిది, ఎనిమిది. వద్దంటే వింటారా, వినపడకూడదని నేర్పిందాన్ని నేనే.

గురువారం ఖాదర్ తెచ్చిన రాయిని చీరచెంగులో కట్టుకుని అంగన్‌వాడీకి మోశాను. టీచర్‌ని బయట ఉండమన్నాను. పిల్లల్ని గోడ వారగా కూర్చోబెట్టి, ఇది చందమామ కాదర్రా, ఇది రాయి, ఆ చప్పుడు రాకెట్టు కాదు, మందు పెట్టి కొండని పగలగొట్టే చప్పుడు అని చెప్పాను. అక్కడున్న మనుషులు కూడా పగిలిపోతారని చెప్పాను. ఆయమ్మ కొత్త కథ చెబుతోందనుకుని కళ్ళింత చేసుకుని విన్నారు. ఎడ్విన్ తర్వాతేమైందన్నాడు.

అప్పుడు గోడ మీది మూకుడు తీశాను. కుందేలు బొమ్మ పైకి వచ్చేలా గచ్చు మీద పెట్టాను. రాయిని రెండు చేతులా తల దాకా ఎత్తి వదిలాను.

చందమామ ఎన్ని ముక్కలైందో లెక్కలేదు. ఒక పెంకు ఎగిరి నిషాత్ కాలి దగ్గర పడింది. ఎవరూ ఏడవలేదు. గదిలో ఊపిరి చప్పుడు కూడా లేదు. ఈసారి అది ఆట కాదు. నేను వంగి ఆ రాయిని మళ్ళీ ఎత్తాను. ఎత్తి, ఇంకేమీ లేని గచ్చు మీద, వాళ్ళ పాదాలకి మూరెడు దూరంలో రెండోసారి వదిలాను. ఒంటిగంట కావచ్చేదాకా అలా ఎత్తుతూ వదులుతూనే ఉన్నాను. చివరికి టీచర్ లోపలికి వచ్చి నా మణికట్లు పట్టుకుంది.

సైరన్ మోగింది. ఎవరూ గుమ్మంలోకి పోలేదు.

జాయిస్ మూలకి పాకింది. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, రెండు చెవులూ మూసుకుని, పేలుడు కాకముందే కెవ్వుమంది. అలాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు పదకొండుమందీ అందుకున్నారు. వాళ్ళ అరుపుల్లో అసలు పేలుడు నాకు వినపడనే లేదు. టీచర్ ఏడుస్తూ ఎవర్ని ఎత్తుకోవాలో తెలియక అటూ ఇటూ తిరుగుతోంది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మంగళవారం నుంచి నా గొంతులోకి మెతుకు దిగలేదు. గిన్నె అడుగున మిగిలిన అన్నంలో పప్పు వేసుకుని, ఆ ఏడుపులు వింటూ, కడుపు నిండా తిన్నాను.

సాయంత్రం నేనే ఫ్లోరెన్స్‌కి ఫోన్ చేశాను.

“వచ్చి పిల్లని తీసుకెళ్ళవే. ముద్ద మింగట్లేదు.”

“మొన్న బాగానే ఉంది కదమ్మా. ఏమైంది?”

“సైరన్‌కి భయపడుతోంది,” అన్నా.

ఆదివారం ఫ్లోరెన్స్ వచ్చింది. బట్టలు నేనే మడతపెట్టి సంచిలో సర్దాను. మిగిలిన బిస్కెట్ పొట్లం కూడా పెట్టాను.  బస్సు వచ్చింది. జాయిస్ వాళ్ళమ్మ భుజం మీద ఉంది. దాని నుదుటి మీద పడిన జుట్టు సర్దుదామని చెయ్యి ఎత్తాను.

బిడ్డ చటుక్కున తల తప్పించి, చెంపకి అరచేయి అడ్డం పెట్టుకుంది.

నేను చెయ్యి అలాగే ఉంచి ఒక్క క్షణం దాన్ని చూశాను. బాగా నేర్చుకుంది. ఇంక ఎక్కడికి పోయినా, ఏది మీదికొచ్చినా ముందు చూసుకుంటుంది. కండక్టర్ తొందరపెడుతుంటే ఫ్లోరెన్స్‌ని ఎక్కమని చెప్పి, చెయ్యి దించి, వెనక్కి జరిగాను.